చాపమీద మిగిలినవాళ్ళు

బైబిలు స్త్రీ ఉద్యోగం అంటే చేతిలో గ్రంథం, భుజాన సంచి, నోట్లో పాట అనుకుంటారు కొత్తగా చేరే చెల్లెళ్ళు. నేనూ అలాగే అనుకుని చేరాను. ఈ పనిలో ముందు అరిగేవి చెప్పులు, ఆ తర్వాత చెవులు. ఒక ఇంటికి వెళ్తే మనం చెప్పేది పావు వంతు, వినేది ముప్పావు వంతు. అందులో సగం కోడళ్ళ గురించి.

మొన్న అలాంటి చెల్లెళ్ళు ఇద్దరు వచ్చి, మా రోజుల సంగతులు కాస్త రాసిమ్మన్నారు. నన్ను ఎప్పుడు ఏ ఊరికి మార్చారు, ఏ సభలో శాలువా కప్పారు, అవి రాయను. అవి చదివి ఎవరూ బాగుపడరు. నాకు పని నేర్పినవాళ్ళ గురించి రాస్తాను. తమాషా ఏమిటంటే, వాళ్ళలో ఎక్కువమంది నేను నేర్పుదామని వెళ్ళినవాళ్ళే.

ఒక కన్ను మూసుకునే సంఘం

మా ప్రార్థన గది అమీర్‌పేటలో ఒక నవాబుగారి దేవిడీ, అంటే పెద్ద భవంతి, దాని వెనక ఉండేది. అంతకుముందు అది గుర్రాలశాల. వాన పడితే గుర్రాలు ఇంకా అక్కడే ఉన్నట్టు వాసన వచ్చేది. సంఘంలో బంగళాల్లో వంట చేసేవాళ్ళు, ఆయాలు, తోటమాలులు, పంజాగుట్ట దగ్గర రాయి కొట్టేవాళ్ళు ఉండేవారు. మగవాళ్ళకు ఒక చాప, ఆడవాళ్ళకు ఒక చాప, పాదిరి అయ్యగారికి మాత్రం కుర్చీ. బేగంపేట నుంచి విమానం లేచినప్పుడల్లా అయ్యగారు ప్రసంగం ఆపి, అది వెళ్ళేదాకా పైకి చూస్తూ నిలబడేవారు. యుద్ధం రోజులు కాబట్టి విమానాలు ఎక్కువగా తిరిగేవి. మాకు ప్రసంగాలు ఆ మేరకు తక్కువగా అందేవి.

అయ్యగారు మూడు నెలలకొకసారి ప్రభు సంస్కారం ఇచ్చేవారు. దానికి ముందు వారాన్ని ఆయత్తపు వారం అనేవాళ్ళం. రొట్టె, రసం తీసుకునే ముందు ప్రతి మనిషీ తన్ను తాను పరీక్షించుకోవాలి కదా, ఆ వారమంతా అదే పని. నేను ఇంటింటికీ తిరిగి, "ఎవరిమీదన్న కోపముందా? ఎవరితోనన్న మాటల్లేకుండ ఉన్నరా? చూసుకోండ్రి" అని గుర్తుచేయాలి. ఆదివారం నాడు సిద్ధంగా ఉన్నామనుకున్నవాళ్ళు చాపమీద నుంచి లేచి ముందుకెళ్ళి మోకరించాలి. సిద్ధంగా లేమనుకున్నవాళ్ళు కూర్చునే ఉండాలి. వాళ్ళను ఎవరూ ఏమీ అనకూడదు.

అనకూడదన్న నియమం అందరికీ నోటికి వచ్చు. కాని ఆ సమయంలో అయ్యగారు కళ్ళు మూసుకోమని చెప్తే మా సంఘం ఒక కన్నే మూసుకునేది. రెండో కన్ను చాపమీద ఎవరు మిగిలారో చూసేది. మిగిలినవాడి పాపం ఏమై ఉంటుందో సాయంత్రానికి తేలిపోయేది, అతనికి తప్ప అందరికీ. అందుకని మా వాళ్ళు జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా లేచి ముందుకు నడిచేవారు. ముందురోజు సాయంత్రం కల్లు దుకాణంలో కనబడినవాడు పొద్దున్నే లవంగాలు నమిలి మొదటి వరుసలో మోకరించేవాడు. దేవుడికి తెలిస్తే ఫరవాలేదు, పక్కింటివాళ్ళకు తెలియకూడదు. నన్నడిగితే ఆత్మపరీక్షకు అసలు శత్రువు కల్లు కాదు, పక్కిల్లే.

దొరసాని ఒప్పుకున్న పాపం

నాకు ఈ పని అప్పజెప్పిన మొదటి పెద్ద ఒక దొరసాని. తెలుగు పుస్తకాల్లో నేర్చుకుంది. చక్కగా మాట్లాడేది గాని, మా వాళ్ళు మాట్లాడితే ఆమెకు సగమే అందేది. ఒక ఆయత్తపు వారం ఆమె నాతోపాటు సారమ్మ ఇంటికి వచ్చింది. సారమ్మ ముసలిది, కన్ను కాస్త మందగించినా నోరు మాత్రం చురుకు.

"సారమ్మా, నీ హృదయమును పరీక్షించుకొంటివా? అందులో ఏ పాపమైనా కనబడెనా?" అని దొరసాని అడిగింది.

"కనబడకేమమ్మ! మస్తు పాపాలున్నయి మా ఇంట్ల" అని సారమ్మ కొంగు నడుముకు చుట్టి మొదలుపెట్టింది. "పొద్దెక్కేదాక పండుడు. పాలల్ల నీళ్ళు పోసుడు. మొగని చెవుల గునుసుడు. ఎవరన్న వస్తె నవ్వుడు, పోయినంక మొఖం మాడ్సుకునుడు." అలా చాలాసేపు చెప్పింది. దొరసాని కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంత నిష్కపటమైన ఒప్పుకోలు తన సేవలో ఎప్పుడూ వినలేదంది. సారమ్మ తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది.

టాంగా ఎక్కాక నేను ఆగలేక చెప్పేశాను, అవన్నీ సారమ్మ పాపాలు కావు, కోడలివని. దొరసాని ముఖం రోడ్డు వైపు తిప్పుకుంది. కోపం వచ్చిందేమో, నా ఉద్యోగం పోయిందేమో అనుకున్నాను. చివరికి మెల్లగా అంది: "రాహేలూ, నేను ఈ ఉదయము మోకాళ్ళూని మన అయ్యగారి పాపములను ఒప్పుకొంటిని. సారమ్మకును నాకును భేదమేమి?" అంటూ నవ్వింది. నేనూ నవ్వాను. టాంగావాడు ఏం అర్థమైందో గాని అతనూ నవ్వాడు. తన సంగతి తనే చెప్పి నవ్వుకోగల పెద్దలు నాకు ఆ తర్వాత ఎక్కువమంది దొరకలేదు.

కిస్‌మిస్ రసం పిండిన చెయ్యి

ఇక అసలు సంగతికి వస్తాను. పౌలయ్య బంజారా హిల్స్‌లో ఒక పెద్ద బంగళాలో వంటమనిషి. ఇల్లు పంజాగుట్టలో, బండరాళ్ళ పక్కన. తాగడు, అరవడు, అబద్ధమాడడు. సంఘంలో ఎవరింట్లో పెళ్ళయినా చావయినా గరిటె భుజాన వేసుకుని ముందు అతనే వస్తాడు. ఆ వంట తిన్నవాళ్ళు పెళ్ళికొడుకు పేరు మరిచిపోయినా పులావు మాత్రం మరిచిపోరు. సంస్కారానికి కిస్‌మిస్‌లు నానబెట్టి, పిండి, వడగట్టి రసం తీసేది కూడా అతనే. భార్య మార్తమ్మ. ఆమె ఉన్నట్టు ఎవరికీ తెలిసేది కాదు, అంత నెమ్మది.

వీళ్ళ కొడుకు సమూయేలు. అతనికి మా పంతులమ్మ దెబోరమ్మ కూతురు గ్రేసును ఇవ్వాలని మాట అయింది. పిల్లలిద్దరికీ ఇష్టమే. ఎంత ఇష్టమంటే, పాటల పుస్తకం ఎవరి దగ్గర వాళ్ళకున్నా ఒకదాంట్లోనే చూసి పాడేవారు. దెబోరమ్మ భర్త పోయాక ఒక్కతే పిల్లను పెంచింది. పేరుకు తగ్గట్టే, బైబిల్లోని దెబోరాలాగా, తీర్పరి. ఆమె బడిలో చదివిన పిల్లలు పెద్దవాళ్ళయ్యాక కూడా ఆమె ఎదురుపడితే గోళ్ళు దాచుకునేవారు.

ఆ మాట అయ్యాక వచ్చిన సంస్కారపు ఆదివారం అయ్యగారు పిలిచారు. అందరూ లేచారు. పౌలయ్య లేవలేదు.

తలొంచుకుని చాపమీద ఒక్కడే కూర్చున్నాడు. ముందు అందరికీ అతనికి కాలు పట్టుకుపోయిందేమో అనిపించింది. అయ్యగారు రసం గిన్నె పట్టుకుని కాసేపు ఎదురుచూశారు. తాను పిండిన రసం పౌలయ్యే తాగలేదన్న సంగతి అప్పుడు ఒకరికి తట్టింది. ఆ ఒకరు పక్కవారి చెవిలో వేశారు. అప్పటికే తాగినవాళ్ళు కడుపు పట్టుకున్నారు. ఇద్దరికి నిజంగానే నొప్పి కూడా వచ్చింది.

సాయంత్రానికి తీర్పులు వెలువడ్డాయి. బంగళా వంటింట్లో కుంకుమపువ్వు మాయం చేశాడన్నారు. ఎర్రగడ్డ అవతల ఎవరో ఉందన్నారు. లోపల్లోపల తాగుతున్నాడని లవంగాలాయన అన్నాడు. సారమ్మ మాత్రం, "గంత మంచోడు సుత లెవ్వలేదంటె, లేసినోళ్ళ సంగతేంది?" అంది. ఆ మాట ఎవరికీ నచ్చలేదు.

మర్నాడు దెబోరమ్మ మా ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"రాహేలు, నాకున్నది ఒక్క పిల్ల. తెల్వని ఇంటికి పంపలేను. మళ్ళ సంస్కారం దినానికి గాయన లెవ్వాలె. ఇప్పుడు ఎందుకు లెవ్వలేదో నాకు చెప్పాలె. లేకుంటె సంబంధం లేదు."

"పంతులమ్మ, అడగొద్దని గద మనకు నేర్పిన్రు."

"గది సంఘానికి. నేను పిల్ల తల్లిని."

ఆమె కొంగు చివర ముడి వేస్తూ, విప్పుతూ ఉంది. కోపం అనుకున్నాను గాని అది భయం. సాయంత్రం అయ్యగారు కూడా కబురుచేశారు. ఆయన గుంటూరు వైపు మనిషి. "ఏంటమ్మా రాహేలమ్మా, పౌలయ్యగారి సంగతేంటో కాస్త కనుక్కోండి. నాకేదో తెలుసుకోవాలని కాదు, సంఘం క్షేమం కోసం" అన్నారు. ఆ చివరిమాట రెండుసార్లు అన్నారు.

దొరకని పాపం

నేను పంజాగుట్ట వెళ్ళేసరికి పౌలయ్య రాతినీడన కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు. కళ్ళల్లో నీళ్ళు. పశ్చాత్తాపమేమో అని సంబరపడ్డాను, ఉల్లిగడ్డలని తర్వాత తోచింది. సమూయేలు అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతున్నాడు. నన్ను చూసి లేచి బయటికి పోయాడు.

"పౌలన్న, దాపరికమేంది? చెప్పు. ఏమైంది?"

"ఏం కాలే చెల్లె. గదే నా ఫికర్."

"అంటె?"

"పరీక్ష చేసుకోమన్నరు. వారమంత చేసుకున్న. పొయ్యి ముంగట, తొవ్వల, మంచంల. కోపముందా అని చూసిన, లేదు. దొంగతనం లేదు. తాగుడు లేదు. ఎవ్వలితోని లొల్లి లేదు. ఒక్కటి సుత దొరకలే." కత్తి పక్కన పెట్టాడు. "భయమైంది. ఇంట్ల పాము లేదంటె లేనట్టా? చీకట్ల మనకు కనబడనట్టా? నాకేం దొరకలేదంటె నా కండ్లే పోయినయన్నట్టు. కండ్లు లేనోన్ని గా ప్రభువు బల్ల కాడికి ఎట్ల పోవాలె?"

ఇన్నేళ్ళుగా ఇంటింటికీ తిరిగాను. పాపాలు దాచినవాళ్ళను చూశాను, పంచిపెట్టినవాళ్ళను చూశాను. పాపం దొరకక బెంగపెట్టుకున్నవాణ్ణి చూడటం అదే మొదటిసారి. దీనికి దొరసాని నాకు ఏ ప్రశ్నా నేర్పలేదు. ఎదురుగా పిల్లవాడి కంచం అలాగే ఉంది. అప్పుడు నేను ఈ వృత్తిలో ఎవరూ చేయకూడని పని చేశాను. ఒక చిన్న పాపాన్ని అరువు తెచ్చుకోమన్నాను.

"ఏదన్న చిన్నది చెప్పరాదు? కోపమొచ్చిందను."

"రాలేదు గద."

"పోనీ, గర్వమను. వంట గురించి."

పౌలయ్య కాసేపు నిజాయితీగా ఆలోచించాడు. "వంట మంచిగనే అయితది గద చెల్లె. ఉన్నది ఉన్నట్టు అనుకుంటె గర్వమెట్లయితది?"

నాకు నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. అతను మాత్రం నవ్వటం లేదు. "నువ్వు గిందరిని పరీక్ష చేస్తవు. నాది నువ్వే చెప్పు" అన్నాడు. ఇంత తేలికైన పని నాకు ఎప్పుడూ తగల్లేదనుకుని నోరు తెరిచాను. చెప్పటానికి ఏమీ లేదు. నాకు అతని పులావు తెలుసు గాని అతను తెలియదని అప్పుడర్థమైంది.

సంఘమంతా సాయం పట్టిన వారం

రెండు నెలలు అలాగే గడిచాక ఒక ప్రార్థన కూటంలో పౌలయ్య లేచి నిలబడి, తనకు తన తప్పు కనబడటం లేదని, ఎవరికైనా కనబడితే దయచేసి ఇంటికొచ్చి చెప్పమని అడిగాడు. మా సంఘంలో చందా అడిగితే ఎవరూ తల ఎత్తరు. దీనికి మాత్రం సంఘమంతా కదిలింది.

వచ్చినవాళ్ళందరికీ పౌలయ్య చాయ్ ఇచ్చాడు. ఇస్తే తప్పుపట్టే మనిషి నోరు కట్టేసినట్టవుతుందేమో అని సందేహపడి, తాగేముందే చెప్పేయమన్నాడు. కొందరు చెప్పి, తాగి, మళ్ళీ చెప్పారు.

రాయి కొట్టే యోనా, "నువ్వు పాట సాగదీస్తవు పౌలన్న, నాకు ఊపిరి అందది" అన్నాడు. గంట కొట్టే ఆయన, తాను గంట కొడితే పౌలయ్య ఎప్పుడూ మెచ్చుకోలేదన్నాడు. లవంగాలాయన, "నువ్వు మమ్మల్ని చూసే చూపే బాగుండదు" అన్నాడు. సారమ్మ మంచి మంచి సంగతులు ఎత్తుకుంది గాని సగంలో అవి కోడలి మీదికి మళ్ళాయి. చివరికి అయ్యగారే వచ్చారు.

"ఏంటంటే పౌలయ్యగారూ, నేను ప్రసంగం చేసేటప్పుడు మీరు గడియారం తీసి చూస్తారు."

"చూస్త అయ్యా. అందరికి చూడాలనే ఉంటది. గడియారం నా ఒక్కనికే ఉన్నది."

అయ్యగారు చాయ్ మొత్తం ఒక్క గుక్కలో తాగేసి లేచారు.

పౌలయ్య ఎవరి మాటా తోసిపుచ్చలేదు. ప్రతిదాన్ని శ్రద్ధగా విని, లోపల తూచి చూసుకుని, "గిది కూడ ఉండొచ్చు. కాని గిది కాదు" అనేవాడు. నేను గోడవారన కూర్చుని వింటున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అతని తప్పు చెప్పటానికి వచ్చినవాళ్ళు తమ నొప్పే చెప్పుకుని పోతున్నారు. కాని అది అతని నొప్పిని తీర్చదు. సంస్కారపు రోజు దగ్గరికొస్తోంది. సమూయేలు చిక్కిపోయాడు. గ్రేసు బడికి వెళ్ళేటప్పుడు పంజాగుట్ట వైపు చూడకుండా వెళ్తోందని విన్నాను.

ఆ సాయంత్రం జనం పోయాక మార్తమ్మ గ్లాసులు కడుగుతోంది. వారమంతా చాయ్ పెట్టింది, గ్లాసులు కడిగింది. ఆమె గొంతు ఎవరూ వినలేదు.

"మార్తమ్మ, ఊరంత చెప్పింది. నువ్వేం చెప్పవా?" అన్నాను.

"నన్నెవరడిగిన్రక్క?" అంది, గ్లాసు మీదనుంచి చూపు తిప్పకుండా.

పౌలయ్య తల ఎత్తాడు. నిజమే, అడగలేదు. "చెప్పు మరి. నువ్వు సుత చెప్పు" అన్నాడు.

మార్తమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. తుడుచుకోవటం చాలాసేపు సాగింది.

"నేనొండిన కూర నోట్లె పెట్టుకోకముందే ఉప్పు డబ్బకు చెయ్యి పెడ్తవు."

"గంతేనా?" అన్నాను నేను. నవ్వాను కూడా.

మార్తమ్మ నన్ను చూడలేదు. పౌలయ్యతోనే మాట్లాడింది. "రుచి సుత చూడవు. పెండ్లయిన కాడి నుంచి గంతే. సుట్టాల ముంగట గంతే. మా అవ్వ ముంగట గంతే. ఊరందరు నీ చేతి వంట తిని మెచ్చుకుంటరు. నా చెయ్యి సాలదని నువ్వు ఒక్క మాటన్నవా? అనలే. నోరిప్పకుండనే అన్నవు, దినాం అన్నవు. ఒకనాడు కోపానికి కావాలనే కూరల ఉప్పు గుమ్మరిచ్చిన. నాలిక మీద పెట్టలేనంత. గా దినం సుత నువ్వు చూడకుండనే ఇంక ఇంత ఏసుకున్నవు. ఏసుకొని మొత్తం తిన్నవు. గప్పుడు ఎరుకైంది నాకు. నువ్వు తినేది నా కూర కాదు. నేనొండిన, ఒండకపోయిన నీకు ఒక్కటే."

నా నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు. పౌలయ్య కూర్చున్నచోటనే ఉన్నాడు. ఆ ఉప్పు కూర సంగతి గుర్తుకొచ్చింది అతనికి, ముఖంలో కనబడింది. "గా దినం రాత్రంత నీళ్ళు తాగిన" అన్నాడు మెల్లగా. తర్వాత, "ఎన్నడు చెప్పలేదేందే?" అన్నాడు.

"ఎన్నడడిగినవు?"

పౌలయ్య భుజం మీది తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఈసారి ఉల్లిగడ్డలు లేవు. నేను చెప్పులు వేసుకుని వాకిట్లోకి వచ్చాను. ఆ ఇంట్లో అప్పుడు నాకు పని లేదు. చెల్లెళ్ళూ, ఇది గుర్తుపెట్టుకోండి: మన పనిలో లోపలికి వెళ్ళటం అందరూ నేర్పుతారు, బయటికి రావటం ఎవరూ నేర్పరు.

వెళ్తుంటే వెనకనుంచి పౌలయ్య గొంతు వినబడింది. "దొరికింది చెల్లె!" అన్నాడు. ఏడుస్తూనే అన్నాడు గాని, ఆ మాటలో ఎంత సంతోషమో చెప్పలేను.

ఆ మర్నాటి నుంచి ఇంట్లో ఉప్పు డబ్బా మార్తమ్మ చేతిలోనే ఉండేదట. ఒకరోజు ఆమె నిజంగానే ఉప్పు వేయటం మరిచిపోయిందట. పౌలయ్య చప్పిడి పప్పు రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడని, మధ్యలో దిక్కులు చూశాడని సమూయేలు చెప్పాడు.

పెద్ద పాపం కావాలన్న తల్లి

పౌలయ్య, మార్తమ్మ, నేను దెబోరమ్మ ఇంటికి వెళ్ళాం. పౌలయ్య నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. దెబోరమ్మ అంతా విని, నా వైపు తిరిగింది.

"ఉప్పా?" అంది. "ఉప్పు కోసం సంస్కారం తీసుకోలేదా? నన్నేం చిన్నపిల్లననుకుంటున్నరా? చిన్నది చూపెట్టి పెద్దది దాస్తున్నరు."

"చిన్నదని ఎట్లంటవు వదినె?" అంది మార్తమ్మ. అంతకంటే ఏమీ అనలేదు.

పౌలయ్య చేతులు జోడించాడు. "చెల్లె, నాకు దొరికింది గిదే. నీ కోసం పెద్ద పాపం యాడికెళ్ళి తేవాలె?"

దెబోరమ్మ కరగలేదు. బడిపిల్లల తప్పులు దిద్ది దిద్ది ఆమెకు ఒక అలవాటు పడింది. మొదటి జవాబు ఎప్పుడూ అబద్ధమే అనుకుంటుంది. "అసలు సంగతి చెప్తెనే నా పిల్ల మీ గడప తొక్కుతది" అంది. సంబంధం అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను.

అప్పుడు లోపలి గుమ్మంలోంచి గ్రేసు వచ్చింది. ఆ పిల్ల తల్లి ముందు గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు కూడా గట్టిగా మాట్లాడలేదు.

"అమ్మా, గాయన ఇంట్లోళ్ళను తన తప్పేందని అడిగిండు. నువ్వు నన్నెన్నడన్న గట్ల అడిగినవా?"

"నిన్నేం అడగాలె?"

గ్రేసు తల్లిని ఒకసారి చూసి లోపలికి పోయింది. దెబోరమ్మ బల్ల మీది సుద్దముక్క తీసి, చూసి, మళ్ళీ అక్కడే పెట్టింది. మమ్మల్ని పొమ్మనలేదు, ఉండమనలేదు. మేమే వచ్చేశాం.

ఆ ఆదివారం

సంస్కారపు ఆదివారం గది నిండిపోయింది. ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. పౌలయ్య లేస్తాడా లేదా అన్నది తేలాలి కదా. అయ్యగారు ప్రసంగం కుదించారు. ఆయనకూ ఆత్రమే. గడియారం ఎవరూ తీయలేదు.

ఆయన పిలవగానే అందరికంటే ముందు పౌలయ్య లేచాడు. సిగ్గుపడే మనిషిలా లేవలేదు. చాలారోజులు మూతపడ్డ ఇంటికి తాళంచెవి దొరికినవాడిలా లేచాడు. ఆడవాళ్ళ చాపమీద నుంచి మార్తమ్మ లేచింది. వాళ్ళ వెనక యోనా, గంట కొట్టే ఆయన, సారమ్మ, సారమ్మ కోడలు, నేను, అందరం ముందుకెళ్ళాం. లవంగాలాయన మాత్రం ఆ రోజు లవంగాలు నమలకుండా వచ్చి, కాసేపు ఊగిసలాడి, మోకరించాడు. కల్లు వాసనకు అయ్యగారు ముఖం పక్కకు తిప్పుకోకుండానే అతనికి రొట్టె ఇచ్చారు. అందుకు ఆయనంటే నాకు గౌరవం పెరిగింది.

తిరిగి చూస్తే చాపమీద ఒక మనిషి మిగిలి ఉంది. దెబోరమ్మ.

వీపు నిటారుగా, తల వంచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గదిలో మూసిన కన్ను ఒక్కటీ లేదు. రెండు కళ్ళూ తెరిచి చూస్తున్నారు అందరూ. ఆమెకు అది తెలుసు. మూడు నెలలుగా ఆమె ఏం అడిగిందో సంఘానికంతటికీ తెలుసు. ఇప్పుడు అందరి నాలుక చివరా ఆమె మాటే ఉంది. సారమ్మ అప్పటికే నా మోచెయ్యి పొడుస్తోంది. గ్రేసు ముందువరుసలో మోకాళ్ళమీదే ఉండి వెనక్కి తిరిగి, తల్లిని చూసి పైట నోట్లో కుక్కుకుంది.

మార్తమ్మ రసం తీసుకుని లేచింది. తన చోటికి వెళ్ళలేదు. తిన్నగా వెళ్ళి దెబోరమ్మ పక్కన, మోకాలికి మోకాలు ఆనేటట్టు కూర్చుంది. నేను వాళ్ళ వెనకే చేరాను. కావాలనే చేరానని మీకు తెలుసు.

"వదినె," అంది దెబోరమ్మ, పెదవులు కదలకుండా. "మీ ఇంటికొచ్చి చెప్త. ఏమైందో మొత్తం చెప్త. విన్నంకనే పిల్లను తీసుకపోండ్రి."

"వద్దు వదినె."

"తెల్వకుండ ఎట్ల తీసుకపోతవు?"

"మాది తెలిసి నువ్విస్తున్నవు. నీది తెల్వకుండ మేం తీసుకుంటం. నీ పాపమేందని మా ఇంట్ల ఎవ్వలు అడగరు." మార్తమ్మ ఆమె చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. "నువ్వు నిన్న రాత్రి సరెనని కబురంపినవు గద, అయ్యగారికి పొద్దుగాలనే చెప్పినం, పెండ్లి ప్రకటన ఇయ్యాల్నే చదవమని."

దెబోరమ్మ ఏడవటం ఆ రోజే చూశాను. అంత తీర్పరి మనిషి, చంటిపిల్లలా ముక్కు ఎగబీలుస్తూ ఏడ్చింది. అయ్యగారు ప్రకటన చదివారు. పిల్లవాడి పేరు చదివేసరికి విమానం వచ్చింది, అది పోయేదాకా ఆగి పిల్ల పేరు చదివారు.

పెళ్ళి అయింది. ఆ తర్వాత ఎన్నోసార్లు దెబోరమ్మ ఇంటికి వెళ్ళాను, ఆమె చేతి చాయ్ తాగాను. రెండుమూడుసార్లు ఆమే చెప్పబోయింది కూడా. నేను మాట మార్చాను. ఆమె ఎందుకు లేవలేదో నాకు ఈ రోజుకీ తెలియదు. ఇంటింటికీ తిరిగి అడగటమే ఉద్యోగంగా బతికినదాన్ని, నేను అడగకుండా వదిలిన ప్రశ్న అదొక్కటే.